కార్లు లేని బ్రెజిల్ దీవి ఊరు మోర్రో డి సావో పాలో: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లొచ్చా?

సుజాత_భీమిలి

అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద ప్రస్తుతం సావో పాలో నగరంలో ఉంటున్నాను. అమ్మానాన్నలు విశాఖ నుంచి వస్తామంటున్నారు. అక్కడి ఎండలు తప్పించుకున్నట్టు కూడా ఉంటుందని మే చివర్లో అనుకుంటున్నాం. రియో, ఇగ్వాసు జలపాతం ఎలాగూ చూపిస్తాను. మధ్యలో సముద్రం పక్కన నాలుగు రోజులు ఏ హడావిడీ లేకుండా ఉండాలని ఉంది. ఆఫీసులో అందరూ మోర్రో డి సావో పాలో పేరే చెబుతున్నారు. బాహియా రాష్ట్రంలో టిన్యారే అనే దీవి కొసన ఉందట, ఊళ్లోకి కార్లు రానివ్వరట.

నాన్నకి డెబ్బై దాటినా బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. పైగా శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. కార్లు లేకపోతే సామాన్లు ఎలా? పడవ ప్రయాణం ఎంత కష్టం? వెళ్లొచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బ్యాక్‌ప్యాక్_రవి

ఆలోచించకుండా వెళ్లండక్కా. అక్కడ బీచ్‌లకి పేర్ల బదులు అంకెలే. ఒకటో బీచ్ చిన్నది, లైట్‌హౌస్ కొండ మీద నుంచి తీగకి వేలాడుతూ వచ్చి అక్కడే నీళ్లలో పడతారు. రెండో బీచ్‌లోనే అసలు సందడి. రాత్రి ఇసుకలో బల్లలు వేసి పండ్ల కుప్పలు పేర్చుకుని కూర్చుంటారు, మీరు చూపించిన పండుతో అప్పటికప్పుడు కైపిరిన్యా అనే మందు కలిపి ఇస్తారు. జీడిమామిడి పండుతో చేసింది తాగి చూడండి. కారు హారన్ వినకుండా అన్ని రోజులు గడపడం నాకైతే అదే మొదటిసారి.

నిశ్శబ్దం

హారన్ వినలేదు సరే తమ్ముడూ, తెల్లవారుజాము దాకా మోగిన స్పీకర్లు కూడా వినలేదా? కార్లు లేవు కాబట్టి ప్రశాంతంగా ఉంటుందని మేమూ నమ్మే వెళ్లాం. రెండో బీచ్ వెనక గది. భోజనాల వేళ నుంచి పొద్దు పొడిచేదాకా డప్పులే. ఇంకోటి, కార్లు లేవంటే బండ్లే లేవని కాదు. బీచ్‌ల వెనక మట్టిదారి ఉంది. దూరపు హోటళ్లకి మనుషుల్ని చేరేసే ట్రాక్టర్లు, జీపులు, నాలుగు చక్రాల మోటారు బైకులు అక్కడ తిరుగుతూనే ఉంటాయి. పాత ఊరు, మొదటి మూడు బీచ్‌ల ముందు భాగం వరకే "కార్లు లేని ఊరు". సుజాత గారు అడిగిన "ఏ హడావిడీ లేకుండా" అన్నది అక్కడ అన్ని చోట్లా దొరకదు, గది ఎక్కడ తీసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

బాహియా_బాబాయ్

సుజాతమ్మా, నేను చాలా కాలంగా బాహియా రాజధాని సాల్వడోర్‌లో ఉంటున్నాను. ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ మోర్రో తిప్పే బాధ్యత నాదే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదువు.

ముందుగా మిగతావాళ్ల కోసం ఒక మాట. పేరులో సావో పాలో ఉంది కదా అని ఆ నగరం దగ్గర వెతక్కండి. ఇది సాల్వడోర్‌కి దక్షిణంగా సముద్రం మీద దాదాపు 60 కిలోమీటర్లు. విమానం సాల్వడోర్‌కి తీసుకోవాలి.

సాల్వడోర్‌లో మెర్కాదో మోడెలో అనే పాత బజారు ఎదురుగా పడవల రేవు ఉంది. కటమరాన్‌లు, అంటే జంట అడుగుల పెద్ద పడవలు, అక్కడి నుంచే బయల్దేరతాయి, రెండు నుంచి రెండున్నర గంటల ప్రయాణం. అఖాతం లోపల ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది. బయటి సముద్రంలో పడ్డాక మొదలవుతుంది. అల అడ్డంగా కొడుతుంది, పడవ లేస్తుంది, పడుతుంది. సిబ్బంది వాంతి సంచులు పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటారు. వాళ్లకది రోజువారీ పని, మొహంలో ఏ మార్పూ ఉండదు. అలవాటు లేనివాళ్లు ఆ రోజంతా మంచం దిగరు.

రెండో దారి ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అదే రేవు నుంచి చిన్న పడవలో అఖాతం దాటి ఇటపారికా దీవిలోని మార్ గ్రాండె చేరాలి. అక్కడ వ్యాన్ ఎక్కితే దీవి పొడవునా వెళ్లి, వంతెన దాటి, వాలెన్సా వైపు తీసుకెళ్తుంది. చివర్లో స్పీడ్‌బోటు, పది పదిహేను నిమిషాలు. మొత్తం మూడు గంటల పైనే. కడుపుకి హాయి, కానీ రెండుసార్లు పడవ ఎక్కాలి, రెండుసార్లు దిగాలి. అల మీద ఊగుతున్న పడవలోంచి రేవు మెట్టు మీద కాలు పెట్టడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చిన్న విషయం కాదు.

అంటే మీ అమ్మగారికి మోకాళ్లు ముఖ్యమా, కడుపు ముఖ్యమా అన్నది తేల్చుకోవాలి. డబ్బుకి వెనకాడకపోతే సాల్వడోర్ నుంచి చిన్న విమానం ఉంది. అరగంట లోపు దీవి మీద దిగుతారు. గాలి ఎక్కువైతే కటమరాన్‌లు ఆపేసి అందర్నీ రెండో దారిలోనే పంపుతారు కాబట్టి ఆ దారి సంగతి ఎవరికైనా తెలిసి ఉండాలి. తిరుగు విమానం రోజునే దీవి నుంచి బయల్దేరేలా మాత్రం పెట్టుకోవద్దు. ఆ టెన్షన్ వద్దు.

సుజాత_భీమిలి

బాబాయ్ గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. రేవులో దిగాక ఎంత నడవాలి?

బాహియా_బాబాయ్

అసలు పరీక్ష అక్కడే. రేవు చివర కౌంటర్‌లో దీవుల పర్యాటక రుసుము కట్టాలి. మనిషికింత అని తీసుకుంటారు, మొత్తం మారుతూ ఉంటుంది, వెళ్లే ముందు చూసుకో. తర్వాత పాత రాతి ద్వారం కిందుగా ఒక ఏటవాలు. మెట్లు కాదు, రాళ్లు పరిచిన ఎత్తు. ఎక్కితే చర్చి వస్తుంది, ఇంకాస్త ముందుకి వెళ్తే ఊరి మధ్య కూడలి. కూడలి నుంచి బీచ్ వైపు మళ్లీ దిగుడే.

రేవులోనే ఒంటి చక్రం తోపుడు బండ్లు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసే బండ్లు చూశాం కదా, అవే. వాటి మీద "టాక్సీ" అని పెయింట్ చేసి ఉంటుంది. బేరం ముందే మాట్లాడుకో, ఏ హోటల్ అన్నది చెప్పు, ఎన్ని పెట్టెలో చూపించు. ఎండలో ఆ ఎత్తు మీద రెండు పెద్ద సూట్‌కేసులు తోసే మనిషితో మరీ గీసిగీసి బేరం ఆడకు. ఆ ఊరికి కారు రాకపోవడం ఖర్చు మోస్తున్నది వాళ్ల భుజాలే. హోటల్ పక్కలు, గ్యాస్ సిలిండర్లు, బీరు పెట్టెలు, సిమెంటు, అన్నీ ఆ బండ్ల మీదే ఎక్కుతాయి.

గది మూడో బీచ్‌లో తీసుకో. చాలామంది పెద్దవాళ్లకి కూడలి దగ్గర మంచిదని చెబుతారు, నేను ఒప్పుకోను. కూడలి దగ్గరుంటే రోజూ బీచ్‌కి దిగాలి, రోజూ ఎక్కాలి. మూడో బీచ్ అయితే వచ్చిన రోజు ఒకసారి ఎక్కి దిగితే చాలు, ఆ తర్వాత రెండో బీచ్, నాలుగో బీచ్ అన్నీ చదునే. రెండో బీచ్ మోత కూడా అంతగా వినపడదు. నాలుగో బీచ్ ఇంకా అందం, పొడవు, జనం తక్కువ. కానీ అక్కడి హోటళ్లకి ట్రాక్టరో జీపో ఎక్కాలి, అది బయల్దేరే చోటికి రేవు నుంచి నడవాల్సిందే.

నిశ్శబ్దం

> గది మూడో బీచ్‌లో తీసుకో

ఒప్పుకుంటాను, ఒక సవరణతో. మూడో బీచ్‌లో పోటు సమయంలో ఇసుకే ఉండదు. నీళ్లు హోటళ్ల గోడల దాకా వచ్చేస్తాయి. ఫొటోలో చూసిన బీచ్ ఏదని అడిగితే హోటల్ వాళ్లు నవ్వి, ఆరు గంటలు ఆగమంటారు.

బాహియా_బాబాయ్

అవును, అది చెప్పడం మరిచాను. ఆ ఊళ్లో గడియారం కన్నా పోటుపాట్ల పట్టిక ముఖ్యం. పాటు సమయంలో నీరు వెనక్కి వెళ్తే రాతి దిబ్బల మధ్య నిలవ నీటి మడుగులు బయటపడతాయి. నడుం లోతు, గోరువెచ్చటి నీరు, కాళ్ల చుట్టూ చారల చేపలు. ఈత రాని పెద్దవాళ్లకి అదే స్వర్గం. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య రెండు మీటర్లకి పైగా తేడా ఉంటుంది. ఆ రోజుల్లో నీరు బాగా తగ్గే సమయం ఇక్కడ ఉదయం తొమ్మిది, పది ప్రాంతంలో పడుతుంది. రోజు గడిచేకొద్దీ సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. మీ నాన్నగారి దగ్గర పంచాంగం ఉంటే దాన్ని చూసే తేదీలు పెట్టుకోవచ్చు!

గాంబోవా అనే పక్క ఊరికి తీరం వెంబడి నడిచి వెళ్లే దారి కూడా పాటు సమయంలోనే. దారిలో రంగురంగుల బంకమట్టి గట్లు కనిపిస్తాయి. తిరిగి వచ్చేసరికి నీరు ఎక్కేస్తే పడవ మాట్లాడుకోవాలి, అంతే.

పప్పుచారు

ఇక నా వంతు. శాకాహారం గురించి ఈ వేదికలో ఎవరు అడిగినా నేను ప్రత్యక్షమవుతానని అందరికీ తెలుసు.

బాహియా వంటలో మూడు ఉంటాయి: డెండె అనే ఎర్రటి పామాయిల్, కొబ్బరిపాలు, కొత్తిమీర. ఈ మూడూ వింటే మనకి ప్రాణం లేచొస్తుంది. నాలుగోది ఎండురొయ్య, అక్కడే చిక్కు. కూర చూస్తే బెండకాయ కూరే, కరురు అంటారు, కానీ లోపల ఎండురొయ్యల పొడి ఉంటుంది. వటపా అని మెత్తటి ముద్ద ఉంటుంది, అందులోనూ అంతే. "మాంసం లేదు" అంటే వాళ్ల లెక్కలో రొయ్యలు, చేపలు ఉండొచ్చని అర్థం. అందుకే "మాంసం వద్దు" అనకుండా రొయ్య, చేప, కోడి, గుడ్డు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దనాలి.

అమ్మగారికి నప్పేది అకరాజె. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు కలిపి ఎర్రటి నూనెలో వేయిస్తారు. మన అలసంద గారెకి దగ్గర బంధువు, చిల్లు ఒక్కటే లేదు. తెల్ల గౌన్లు, తలపాగాలు కట్టుకున్న ఆడవాళ్లు మీ కళ్ల ముందే వేస్తారు. దాన్ని మధ్యకి చీల్చి పైన చెప్పిన రొయ్యల సరుకంతా కూరడానికి చెయ్యెత్తుతారు, అప్పుడే ఆపాలి! టమాటా, కొత్తిమీర ముక్కలూ మిరపకాయ నూరుడూ చాలనండి. అదే మూకుడులో ఇంకేమైనా వేయిస్తున్నారేమో ఒక చూపు చూడమనండి.

పొద్దున టిఫినుకి తాపియోకా. కర్రపెండలం పిండిని తడిపొడిగా పెనం మీద చల్లితే అదే అట్టులా అతుక్కుంటుంది, లోపల కొబ్బరి, జున్ను పెట్టి మడుస్తారు. బీచ్‌లో కుర్రాళ్లు చిన్న బొగ్గుల కుంపటి చేత్తో ఊపుకుంటూ పుల్లకి గుచ్చిన జున్ను కాల్చి ఇస్తారు. అన్నం, చిక్కుడు గింజల కూర ఎక్కడైనా ఉంటాయి. చిక్కుడు కూరలో పంది ముక్క వేశారేమో అడగాలి.

గోదారి_గట్టు

పప్పుచారు గారు కర్రపెండలం అనగానే నేను ఆగలేకపోయాను, రిటైరైన మాస్టారిని కదా, క్షమించాలి.

కర్రపెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికానే. పోర్చుగీసువాళ్ల ఓడల్లో లోకమంతా తిరిగి మన దాకా వచ్చింది. మా పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులు దాని చలవే. జీడిమామిడి కూడా బ్రెజిల్ నుంచే వచ్చింది, ఇవాళ పలాస పేరు దాంతోనే. బదులుగా మన మామిడి, పనస అటు వెళ్లాయి. బాహియాలో పనసచెట్లు అడవిలోనే పెరుగుతుంటాయి. ఎర్ర డెండె నూనె మన ఏలూరు వైపు తోటల్లో పండే ఆయిల్‌పామ్ నుంచే. అసలు ఆ తీరాన్నే డెండె తీరం అంటారు. ఆ చెట్టు మాత్రం ఆఫ్రికాది, బానిసలుగా పట్టుకొచ్చిన జనంతో పాటు వచ్చింది.

మోర్రోకీ ఆ కర్రపెండలానికీ గట్టి సంబంధం ఉంది. డచ్చివాళ్లు 1624లో సాల్వడోర్‌ని పట్టుకున్నారు, మరుసటి ఏడు పోగొట్టుకున్నారు, 1630లో మళ్లీ ఉత్తరాన పెర్నాంబుకో మీద పడ్డారు. ఆ 1630లోనే మోర్రో కొసన కోట కట్టడం మొదలైంది. కారణం, సాల్వడోర్‌కి కావలసిన కర్రపెండలం పిండి కైరు, బోయిపెబా, కమాము ఊళ్ల నుంచే వచ్చేది. ఆ పడవలు వెళ్లే దారికి ఈ కొండే కాపలా. దారి మూస్తే అప్పటి రాజధాని సాల్వడోర్ పస్తే. కోట గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రేవు నుంచి చదునైన దారిలో వెళ్లొచ్చు, అమ్మగారికి ఇబ్బంది ఉండదనుకుంటాను. సాయంత్రం సూర్యాస్తమయం అక్కడి నుంచి చూడాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రెండో ప్రపంచయుద్ధంలో 1942 ఆగస్టు 17న యు-507 అనే జర్మన్ జలాంతర్గామి ఈ తీరానికి ఎదురుగానే ఇటాజిబా అనే ప్రయాణికుల ఓడని ముంచింది. నీళ్లలో పడ్డవాళ్లని ఎక్కించుకోవడానికి వచ్చిన అరారా అనే ఓడనీ ముంచింది. ఆ జలాంతర్గామి మూడు రోజుల్లో ముంచినవి ఐదు ఓడలు, పోయినవాళ్లు ఆరు వందల మందికి పైగా. ఆ నెలలోనే బ్రెజిల్ యుద్ధంలోకి దిగింది. బీచ్‌లో కొబ్బరినీళ్లు తాగుతూ ఆ నీటి వైపు చూస్తే నమ్మబుద్ధి కాదు.

బ్యాక్‌ప్యాక్_రవి

మాస్టారూ, నేను ఆ కోట పక్కనే సెల్ఫీలు దిగి వచ్చేశాను. ఇప్పుడు మళ్లీ వెళ్లాలనిపిస్తోంది.

మధుర_ఎన్‌జే

సుజాతా, రియో ఎలాగూ వెళ్తున్నారు కదా, ఇల్యా గ్రాండె ఎందుకు ఆలోచించకూడదు? రియో రాష్ట్రంలోనే ఉంది. అబ్రాన్ అనే రేవు ఊళ్లో సందర్శకుల కార్లు ఉండవు. 1994 దాకా ఆ దీవి మీద జైలు ఉండేది, అందుకే పెద్దగా కట్టడాలు లేక అడవి మిగిలిపోయింది. పరాతీ అనే పాత పట్టణంతో కలిపి 2019లో యునెస్కో జాబితాలో చేరింది. రేవులో దిగితే ఊరు చదును, ఏటవాలు గొడవే లేదు. మేము పిల్లలతో వెళ్లాం, స్ట్రోలర్ కూడా తోశాం.

నిశ్శబ్దం

ఇల్యా గ్రాండె మంచిదే, కానీ ఊరి ముందున్న నీళ్లు పడవల కోసం, ఈత కోసం కాదు. లోపెస్ మెండెస్ లాంటి మంచి బీచ్‌కి పడవ ఎక్కి, దిగి, కొండ దాటి నడవాలి. అమ్మగారి మోకాళ్లకి అది మోర్రో కన్నా ఎక్కువ. పైగా అక్కడ వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం.

నా ఓటు బోయిపెబాకి. టిన్యారే పక్క దీవే, అదే కైరు పురపాలికలోది. వాలెన్సా నుంచి స్పీడ్‌బోటు ఉంది. కార్లు లేవు, దూరాలకి ట్రాక్టర్ వెనక బల్లల మీద కూర్చోవాలి. నది సముద్రంలో కలిసే చోట హోటళ్లు ఉన్నాయి, అక్కడ దిగితే ఎత్తులేమీ ఎక్కనక్కర్లేదు. సాయంత్రం ఎనిమిదికి ఊరు నిద్రపోతుంది. రవి లాంటివాళ్లకి పిచ్చెక్కుతుంది, మీ అమ్మానాన్నలకి కాదు.

బాహియా_బాబాయ్

బోయిపెబా నాకూ ఇష్టమే. కానీ పెద్దవాళ్లకి రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే అక్కడి నుంచి బయటపడటం మోర్రో కన్నా కష్టం. నా సలహా, మోర్రోలోనే ఉండి ఒక రోజు పడవలో దీవి చుట్టి రావడం. గరపువా, మొరెరె మడుగులు, బోయిపెబా తీరంలో భోజనం, చివర్లో కైరు పట్టణంలో పదిహేడో శతాబ్దం నాటి సెయింట్ ఆంటోనీ మఠం, అన్నీ ఒక్క రోజులో అవుతాయి. స్పీడ్‌బోటు ముందు సీట్లలో అమ్మగారిని కూర్చోబెట్టకు, వెన్ను అదిరిపోతుంది. వెనక వరస అడుగు.

రియోలో ఒక పూట ఖాళీ ఉంటే పకేటా దీవికి తీసుకెళ్లు. నగరం మధ్యలోని రేవు నుంచి పెద్ద ఫెర్రీ వెళ్తుంది, అఖాతం లోపలే కాబట్టి ఊపు ఉండదు. అక్కడా కార్లు లేవు, సైకిళ్లే. ఒకప్పుడు గుర్రపు బండ్లు ఉండేవి, 2016లో వాటి బదులు కరెంటు బండ్లు పెట్టారు. అమ్మగారికి నడక లేకుండా దీవంతా చూపించొచ్చు.

నర్సు_నాగమణి

అందరూ తిండి, బీచ్‌లు చెప్పారు. ఇది ఎవరూ చెప్పలేదు కాబట్టి దయచేసి చదవండి.

బ్రెజిల్ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. బ్రెజిల్ వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే విమానాశ్రయం నుంచి ఇంటికి పంపకుండా క్వారంటైన్‌లో పెడతారు, ఆరు రోజుల దాకా. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్).

అరవై దాటినవాళ్లకి ఈ టీకా మొదటిసారి వేసేటప్పుడు డాక్టర్లు ఆలోచిస్తారు. ఇది సజీవ వైరస్ టీకా, పెద్ద వయసులో అరుదుగానైనా తీవ్రమైన దుష్ప్రభావాలు వస్తాయి. కాబట్టి అమ్మానాన్నలు తమ డాక్టర్‌తో మాట్లాడకుండా నేరుగా కేంద్రానికి వెళ్లొద్దు. డాక్టర్ వద్దంటే తిరుగు ప్రయాణంలో అమెరికాలోనో యూరప్‌లోనో చుట్టాలింట్లో వారం ఉండి ఇండియా వెళ్లడం ఒక మార్గం. టీకా లేకపోతే దోమల నుంచి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, డెంగీ భయం కూడా ఉంది. నిండు చేతుల చొక్కాలు, దోమల మందు తప్పనిసరి. వీసా కూడా ఇండియాలోనే ముందుగా తీసుకోవాలి.

సుజాత_భీమిలి

నాగమణి గారూ, మీకు చేతులెత్తి దండం. టీకా విషయం ట్రావెల్ ఏజెంటు కూడా చెప్పలేదు. ఇవాళే నాన్నతో మాట్లాడతాను.

ఈ చర్చంతా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. అన్నీ విని, "ఆ ఇటుకల బండిలో నన్ను మాత్రం ఎక్కించొద్దు" అంది. అంతకుముందు ఎక్కిస్తామని ఎవరూ అనలేదు!

మే చివర గురించి ఎవరూ ఏమీ అనలేదు. వాతావరణం ఎలా ఉంటుంది?

బాహియా_బాబాయ్

అమ్మగారికి చెప్పు, ఎక్కించమని అడిగినా దిగుడు దగ్గర నేనైతే వద్దంటాను.

మే వద్దు. ఈ తీరంలో ఏప్రిల్ నుంచి జులై దాకా వానలు ఎక్కువ. రోజంతా కురవదు కానీ సముద్రం బురదరంగులోకి మారుతుంది, కటమరాన్ ఊపు రెట్టింపవుతుంది, ఆ రాళ్ల ఏటవాలు తడిస్తే జారుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి జారే రాయి కన్నా శత్రువు లేదు. డిసెంబరు చివర నుంచి కార్నివాల్ అయ్యేదాకా జనం, ధరలు రెండూ ఆకాశంలో ఉంటాయి. కార్నివాల్ అయ్యాక కూడా సాల్వడోర్ కుర్రకారు మిగిలిన ఓపికంతా ఖర్చు చేయడానికి మోర్రోకే వస్తారు. సెప్టెంబరు, అక్టోబరు మంచివి. వాన తగ్గుతుంది, హోటళ్లు అందుబాటులో ఉంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఈ నీళ్లలోకి వస్తాయి. అదృష్టం బాగుంటే లైట్‌హౌస్ కొండ మీద నుంచే కనిపిస్తాయి.

సుజాత_భీమిలి

నాన్న విశాఖ ఎండలు భరిస్తామన్నారు. అక్టోబరుకి మారుస్తున్నాం. మూడో బీచ్, వెళ్లేటప్పుడు చిన్న విమానం, తిరిగొచ్చేటప్పుడు వ్యాన్ దారి. మధ్యలో ఒక రోజు దీవి చుట్టూ పడవ, అది అమ్మ ఇష్టం. నాన్న ఇప్పటికే పంచాంగంలో అక్టోబరు అమావాస్య వెతుకుతున్నారు, అమావాస్య నాడు ప్రయాణం ఏంటని అమ్మ గొడవ.

పప్పుచారు

అమావాస్య ముందు రోజే చేరిపొమ్మనండి, గొడవ తీరిపోతుంది. డబ్బుల సంగతి కూడా చెప్పాలి. బీచ్‌లో జున్ను అమ్మే కుర్రాడు కూడా పిక్స్ అంటాడు, మన యూపీఐ లాంటిదే. మీకు అక్కడ బ్యాంకు ఖాతా ఉంటుంది కాబట్టి సరే, అమ్మానాన్నల చేతిలో మాత్రం కొంచెం నోట్లు ఉంచండి.

వంటగది ఉన్న గది దొరికితే చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. మెంతిపొడి, చింతపండు ఉంటే పప్పుచారుకి నా ఆశీస్సులు.

సుజాత_భీమిలి

కుక్కర్ ఇంట్లోనే ఉంది, ఇక్కడ సావో పాలోలో కొన్నదే.

బాహియా_బాబాయ్

ఆగమ్మా, దాని అడుగున ఎంత వోల్టేజ్ అని రాసి ఉందో చూడు. బ్రెజిల్‌లో ఊరిని బట్టి 127 వోల్టులు, 220 వోల్టులు రెండూ ఉన్నాయి. సావో పాలో నగరంలో కొన్నది 127ది అయి ఉంటుంది. హోటల్‌కి ఫోన్ చేసి అక్కడ ఎంతో అడుగు. 127 కుక్కర్‌ని 220లో పెడితే అన్నం ఉడకదు, పొగ వస్తుంది.

పప్పుచారు

అందుకే తాపియోకా అన్నాను.